హైదరాబాద్ నుంచి అట్లాంటిక్ తీరపు నీటిదారికి: మోటారు బోటు ప్రయాణం, తోటి పడవలవాళ్ళతో స్నేహం

కూకట్‌పల్లి నుంచో దిల్‌సుఖ్‌నగర్ నుంచో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు ఆరు నెలలు ఉన్నా చూసొచ్చేవి చాలావరకు అవే: నయాగరా, న్యూయార్క్, డిస్నీ, రెండు మూడు గుళ్ళు. పిల్లలు వర్జీనియా, కరోలినాలు, జార్జియా, ఫ్లోరిడా వైపు ఉంటే మాత్రం వాళ్ళ ఇంటికి కొన్ని గంటల దూరంలోనే చూడాల్సిన దారి ఇంకొకటి ఉంది. అట్లాంటిక్ తీరం వెంబడి, అలల ధాటి తగలకుండా లోపలి వైపు సాగే నీటిదారి అది. పేరు ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. వర్జీనియాలోని నార్ఫోక్ దగ్గర సున్నా మైలుతో మొదలై మయామీకి చేరేసరికి దాదాపు 1,090 మైళ్ళవుతుంది. ఆ పైన కీ వెస్ట్ దాకా కూడా వెళ్ళొచ్చు.

మన బకింగ్‌హామ్ కాలువ తెలిసినవాళ్ళకు దీని పద్ధతి వెంటనే అర్థమవుతుంది. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా 420 కిలోమీటర్ల పొడవున సముద్రానికి పక్కపక్కనే సాగిన కాలువ అది. ఉప్పు, ధాన్యం, సరుగుడు కట్టెలు ఒకప్పుడు దాని మీదే నడిచాయి. అమెరికా దారి కూడా అలాంటిదే. ఉప్పుటేర్లను, నదులను, అఖాతాలను తవ్వుడు కాలువలతో కలిపారు. మనది మేట వేసి చాలాచోట్ల పూడిపోయింది. వాళ్ళది ఇంకా బతికే ఉంది, ఎందుకంటే అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్, దాన్ని తవ్విస్తూ ఉంటుంది.

అయినా అక్కడా ఇసుక మేటలు కదులుతూనే ఉంటాయి. ఒక మలుపులో ఎంత లోతుందో ఏడాది కిందటి చార్టు (నీటిదారి మ్యాపు) కంటే నిన్న ఆ మలుపు దాటిన మనిషికి బాగా తెలుసు. అందుకే ఈ దారిలో తోటి పడవలవాళ్ళతో మాట కలపడం ప్రయాణం నేర్చుకోవడంలో భాగం. మా అల్లుడు వాళ్ళు జాక్సన్‌విల్‌లో ఉండడం వల్ల నాకు ఈ దారి అలవాటైంది. ‘మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఎలా?’ అని ఉప్పల్‌లో మా ఇంటికొచ్చి అడిగే బంధువులకు చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. హైదరాబాద్‌లో ఉండగానే చేయాల్సినవి

ముందు నీటి మీద పూటంతా కూర్చోగలరో లేదో చూసుకోండి. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వెళ్ళే టూరిజం లాంచీలో గంటల తరబడి ప్రయాణం చేస్తే ఎండ, ఇంజను చప్పుడు, కాలు మడుచుకోవడానికి చోటు లేకపోవడం, అన్నీ తెలిసొస్తాయి. అది బాగా నచ్చినవాళ్ళకు ఇది కూడా నచ్చుతుంది.

తర్వాత చుక్కాని. హుసేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ లాంటి చోట్ల తెరచాప పడవ నేర్పుతారు. మోటారు బోటుకి తెరచాప విద్య ఎందుకని అడగొద్దు. గాలి పడవను పక్కకి ఎలా నెడుతుందో, వదిలేసిన పడవ ఎంత దూరం జారుతుందో ఆ చిన్న పడవే నేర్పుతుంది. పెద్ద బోటును డాకు (పడవలు కట్టే గట్టు) పక్కన నిలిపేటప్పుడు పనికొచ్చే విద్య అదే.

మూడు ముళ్ళు చేతికి రావాలి: జారని ఉచ్చు వేసే బౌలైన్, గుంజకు కట్టే క్లవ్ హిచ్, డాకు మీదుండే క్లీట్ అనే రెండు కొమ్ముల కొక్కేనికి వేసే క్లీట్ ముడి. మొదటి రెండూ బాల్కనీ రెయిలింగ్‌కి రోజూ పది నిమిషాలు వేసి విప్పితే వారంలో వచ్చేస్తాయి. చీకట్లో, చూడకుండా వేయగలిగినప్పుడు వచ్చినట్టు లెక్క.

చార్టులకు డబ్బు పెట్టనక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఎలక్ట్రానిక్ చార్టులను ఉచితంగానే ఇస్తుంది. ‘కోస్ట్ పైలట్’ అనే దారి వివరాల సంపుటాలు కూడా ఉచితమే. ఈ తీరానికి నాలుగో సంపుటం కావాలి. అందులో ఈ నీటిదారి అధ్యాయం చదువుతూ, పక్కన చార్టు తెరిచి, వేలు పెట్టి దారి వెంట నడవండి. చార్టులో లోతు అడుగుల్లో ఉందో మీటర్లలో ఉందో ముందు చూసుకోండి. ఏదైనా అది నీళ్ళు బాగా తగ్గిన ఆటు సమయపు లెక్కే. దూరం మాత్రం ఈ దారిలో రోడ్డు మైళ్ళలోనే, అంటే మైలుకి 1.6 కిలోమీటర్లు. సముద్రపు మైలు 1.85 కిలోమీటర్లు. వేగాన్ని నాట్లలో (గంటకు ఇన్ని సముద్రపు మైళ్ళని) చూపించే మీటరుతో దీన్ని కలిపేస్తే సాయంత్రానికి చేరాల్సిన చోటికి చీకటి పడ్డాక చేరతారు.

అనుమతి పత్రం సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడాలో 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు 10 హార్స్‌పవర్, అంతకు మించిన బోటు నడపాలంటే బోటింగ్ భద్రత కార్డు ఉండాలి. పరీక్ష రాసి 90 రోజుల తాత్కాలిక సర్టిఫికెట్ తీసుకోవచ్చు. వయసు రీత్యా మీకు అక్కర్లేకపోయినా ఆ పాఠం చదివి వెళ్ళండి. మీ కోసం కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పడవ ప్రయాణం కవర్ అవుతుందో లేదో కూడా ఇక్కడే చదువుకోండి.

2. ఎప్పుడు వెళ్ళాలి

తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. చలికి భయపడే పడవలన్నీ అక్టోబర్, నవంబర్‌లో దక్షిణానికి దిగుతాయి, ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి ఎక్కుతాయి. మనుషుల్ని కలవాలంటే ఆ ప్రవాహంలోనే వెళ్ళాలి. మనవాళ్ళు ఎండలు తప్పించుకోవడానికి వేసవిలో వెళ్తారు కాబట్టి ఏప్రిల్ మొదట్లో దిగి ఉత్తరం వైపు వెళ్ళే పడవలతో కలవడం సులువు. దసరా తర్వాత వెళ్ళేవాళ్ళు దక్షిణం వైపు. జులై, ఆగస్టుల్లో ఎండ మనకు కొత్త కాకపోయినా పిడుగుల వానలు రోజూ మధ్యాహ్నం పలకరిస్తాయి, తోటి ప్రయాణికులూ తక్కువ.

మొదటిసారి దారంతా చేయాలని పెట్టుకోవద్దు. వారం రోజుల ముక్క ఒకటి చాలు. నాకు బాగా నచ్చేది దక్షిణ కరోలినాలో మర్టిల్ బీచ్ దిగువ నుంచి చార్ల్స్‌టన్ దాకా. వక్కమా నది మీద సైప్రస్ చెట్లు నీళ్ళలోనే వేళ్ళు దించి నిలబడి ఉంటాయి.

3. పడవ

గంటకు ఏడెనిమిది మైళ్ళు నడిచే ట్రాలర్ రకం మోటారు బోటు ఈ దారికి సరిపోతుంది. రోజుకు 50 మైళ్ళు, అంటే ఆరేడు గంటలు. వేగంగా పోయే బోటులో తోటివాళ్ళతో మాట్లాడే తీరికే ఉండదు. అద్దెకిచ్చేవాళ్ళు మీకు పడవ అనుభవం ఎంతుందో రాసిమ్మంటారు. తక్కువైతే మొదటి రెండు రోజులకు ఒక సరంగును పెట్టుకోండి. అది దండగ ఖర్చు కాదు, పక్కన కూర్చుని నేర్పే గురువు దొరికినట్టు. అంత వద్దనుకుంటే ఒక్క పూటకు పాంటూన్ బోటు (తేలే గొట్టాల మీద చదునైన తట్టున్న పడవ) తీసుకుని మొదలుపెట్టండి.

తీసుకునే ముందు చూడాల్సినవి: నీళ్ళలోకి పడవ ఎంత దిగుతుంది, నీటి పైకి ఎంత ఎత్తుంది, మరుగుదొడ్డి ట్యాంకు ఎంత పడుతుంది. ఆ ట్యాంకును నీళ్ళలోకి వదలకూడదు. మెరీనాలో (విహార పడవల రేవులో) పంపు పెట్టి ఖాళీ చేయించాలి. కదిలే పడవ మీద, కింద గదిలో లేని పదమూడేళ్ళ లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తొడగడం ఫెడరల్ నిబంధన. మనవళ్ళు మారాం చేసినా ఇక్కడ లొంగొద్దు. సీ టో, టోబోట్ యూఎస్ లాంటి లాగుడు సేవలున్నాయి. పడవ యజమాని వాటిలో సభ్యుడో కాదో కనుక్కోండి. ఇసుకలో కూరుకుపోయినప్పుడు సభ్యత్వం లేకపోతే బిల్లు గట్టిగానే పడుతుంది.

4. గుర్తులు, లోతు

నీళ్ళలో ఎర్ర త్రికోణాలకు సరి సంఖ్యలు, పచ్చ చదరాలకు బేసి సంఖ్యలు ఉంటాయి. దక్షిణానికి వెళ్తుంటే ఎరుపు కుడిచేతికి, ఉత్తరానికి వెళ్తుంటే ఎడమచేతికి రావాలి. ఇంతవరకూ తేలికే. నది దారి, మన దారి ఒకటైన చోటే తికమక. ఉత్తర కరోలినాలో కేప్ ఫియర్ నదిలోకి దిగి సౌత్‌పోర్ట్ వైపు వెళ్ళేటప్పుడు మీరు సముద్రం వైపు పోతున్నారు. నది లెక్కలో ఎర్ర గుర్తులు ఎడమకి వచ్చేస్తాయి. అక్కడ ఆ గుర్తు మీద అంటించిన చిన్న పసుపు బొమ్మను చూడాలి. పసుపు త్రికోణం ఉంటే ఎరుపుగా, పసుపు చదరం ఉంటే పచ్చగా లెక్కేయండి, కింద పలక ఏ రంగులో ఉన్నా సరే. బైనాక్యులర్ పట్టుకుని ఈ పసుపు చూసే పని ఇంటావిడకో మనవడికో అప్పగిస్తే నడిపేవాళ్ళకు టెన్షన్ సగం తగ్గుతుంది.

నార్ఫోక్ నుంచి ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగుల లోతు ఉండాలని కాగితం మీద రాసుకున్నారు. నిజానికి చాలాచోట్ల అంత ఉండదు. జార్జియాలో ఆటుపోట్ల తేడా 7 నుంచి 9 అడుగులు. హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్ అనే మూడు చోట్లకు నీళ్ళు సగం పెరిగి, ఇంకా పెరుగుతూ ఉన్న వేళకు చేరేలా బయలుదేరే టైము పెట్టుకోండి. పెరిగే పోటులో కూరుకుపోతే కాసేపట్లో నీళ్ళే లేపుతాయి. తగ్గే ఆటులో కూరుకుపోతే పూటంతా పక్కకి ఒరిగి కూర్చోవాలి.

మర్టిల్ బీచ్ పైన రాక్‌పైల్ అనే తవ్వుడు కాలువ ఉంది. దాని అంచుల్లో ఇసుక కాదు, రాయి. అందులోకి దిగే ముందు రేడియోలో 16వ ఛానెల్ మీద మీ పేరు, దిశ చెప్పి, ఎదురుగా బార్జీ (సరుకు మోసే పెద్ద పడవ) వస్తోందా అని అడగాలి. ఉత్తర కరోలినాలోని ఆల్బెమార్ల్ సౌండ్ అనే అఖాతం వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. 15 నాట్ల గాలికే పొట్టి అలలు నిటారుగా లేస్తాయి. గాలి ఉంటే ఆ రోజు ఆగిపోండి. దాని పైనున్న కాలువలోనే మరో రాత్రి గడిపితే పోయేదేమీ లేదు. అదే రాష్ట్రంలో క్యాంప్ లెజూన్ అనే సైనిక స్థావరం దగ్గర సైన్యం కాల్పుల సాధన చేసేటప్పుడు దారి మూస్తారు. దీపాలు వెలిగే బోర్డులుంటాయి, చూసి ఆగండి.

5. రేడియో, పక్క నుంచి దాటే మర్యాద

ఈ మొత్తంలో ఇది ఒక్కటి బాగా నేర్చుకుంటే మిగతావన్నీ తోటివాళ్ళే నేర్పుతారు. పడవలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్ మీద ఎప్పుడూ తెరిచి ఉండాలి. పిలవడానికి, ఆపదకు అదే. ఎవరైనా పలికాక 68 కో 72 కో మారి మాట్లాడుకోవాలి. అమెరికా నీళ్ళలోనే తిరిగే మామూలు విహార పడవకు దీనికి లైసెన్స్ కూడా అక్కర్లేదు. మన ఉచ్చారణ అర్థం కాదేమోనని చాలామంది మైకు పట్టుకోరు. నిదానంగా, అవతలి పడవ పేరు ముందు, మన పడవ పేరు తర్వాత చెబితే అందరికీ అర్థమవుతుంది. రెండు మూడు వాక్యాలు కార్డు మీద తెలుగు లిపిలోనే రాసి చుక్కాని పక్కన అంటించుకోండి.

ఇక స్లో పాస్. వెనకనుంచి వేగంగా వచ్చే పడవ ముందున్న నిదానపు పడవను అలాగే దాటేస్తే ఆ అలకు ముందు పడవలో గిన్నెలు, టీ, మనుషులు అందరూ బోర్లా పడతారు. తన పడవ లేపిన అలకు ఆ పడవ నడిపేవాళ్ళదే బాధ్యత. అందుకని దాటేవాళ్ళు రేడియోలో పిలిచి, ‘మీ ఎడమ పక్క నుంచి నిదానంగా దాటతాం, సరేనా?’ అని అడుగుతారు. ఒప్పుకున్నాక పని ఇద్దరిదీ. ముందున్నవాళ్ళు ఇంజనును దాదాపు ఖాళీ వేగానికి దించాలి. వాళ్ళు తగ్గించకపోతే వెనకవాళ్ళు దాటడానికి ఎక్కువ వేగం పెట్టక తప్పదు, అల లేవకా తప్పదు. వాళ్ళు ఏడు మైళ్ళ నుంచి మూడుకి దిగితే వెనకవాళ్ళు ఐదుతోనే దాటిపోగలరు. దాటిన వెంటనే ముందువాళ్ళు పక్కకి తిరిగి ఆ పడవ తోకలోకి, రెండు అలల మధ్యనున్న చదును నీటిలోకి దూరిపోవాలి. తర్వాత మైకులో ఒక థాంక్స్. ఈ పని చక్కగా చేసిన పడవ పేరు ఇద్దరికీ గుర్తుండిపోతుంది. సాయంత్రం అదే మెరీనాలో కనపడితే పరిచయం అప్పటికే సగం అయిపోయి ఉంటుంది.

బార్జీల కెప్టెన్లు ‘వన్ విజిల్’ అంటారు. ఎదురెదురుగా వస్తుంటే ఒకరికొకరు ఎడమ పక్కగా దాటడం. మీరు వెనకనుంచి దాటుతుంటే, ఆ పడవకు కుడి పక్క నుంచి వెళ్ళడం. ‘టూ విజిల్’ దానికి తిరగేసి. బార్జీకి బ్రేకులు లేవు, లోతైన మధ్య దారి దానికే వదలండి.

6. వంతెనలు, లాకులు

ఎత్తు వంతెనలు 65 అడుగులకు కట్టారు. చిన్న మోటారు బోటుకు వాటితో పని లేదు. తెరిచే వంతెనలను వర్జీనియా, ఉత్తర కరోలినాల్లో 13వ ఛానెల్ మీద, దక్షిణ కరోలినా నుంచి కిందికి 9వ ఛానెల్ మీద వంతెన పేరుతో పిలవాలి. కొన్ని అడగగానే తెరుస్తారు, కొన్ని గంటకో అరగంటకో. వంతెన కింద ఎత్తు చూపే గేజు బోర్డు చదివి, యాంటెన్నా వంచితే కింద నుంచే వెళ్ళగలిగితే అసలు తెరవమని అడగొద్దు. పైన కార్లు ఆగిపోతాయి.

ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళకు నార్ఫోక్ దిగువనున్న గ్రేట్ బ్రిడ్జ్ లాకు కొత్తగా ఉండదు. పడవకు రెండు పక్కలా ఫెండర్లు (గోడకు రాసుకోకుండా కాపాడే గాలి దిండ్లు) వేలాడదీసి, గట్టు మీది గుంజ చుట్టూ తాడు తిప్పి కొస చేతిలోనే పట్టుకోండి. పడవకు ముడి వేసేయొద్దు. నీళ్ళు దిగినప్పుడు ముడి వేసిన పడవ వేలాడుతుంది.

7. లంగరు

తాడు పొడవు లెక్కలో చాలామంది ఆటుపోటు మరిచిపోతారు. జార్జియాలో ఆటు వేళ లోతు 8 అడుగులు, పోటుకు పెరిగేది 8, నీటి పైన ముక్కు ఎత్తు 4 అనుకోండి. మొత్తం 20. దానికి ఐదింతలు, అంటే 100 అడుగులు కనీసం వదలాలి. గాలి ఉంటే ఏడింతలు, 140. 8 ని చూసి 40 వదిలినవాళ్ళు అర్ధరాత్రి జారతారు. అక్కడ ముందే ఉన్న పడవ ఎలా లంగరు వేసిందో చూసి, అది చుట్టూ తిరగడానికి చోటు వదిలి వేయండి. తర్వాత వచ్చినవాళ్ళే తప్పుకోవాలి. దోమతెర తప్పకుండా ఉండాలి. జార్జియా బురద మేటల్లో కంటికి ఆనని కుట్టే పురుగులుంటాయి.

8. మనుషుల్ని కలవడం

పక్కన పడవ డాకుకి వస్తుంటే చేస్తున్న పని వదిలి లేచి వెళ్ళి తాడు అందుకోండి. అందుకున్నాక లాగొద్దు. ముక్కు వైపు తాడును ఎవరైనా ఉత్సాహంగా లాగేస్తే ముక్కు లోపలికొచ్చి తోక బయటికి పోతుంది, నడిపే మనిషి లెక్కంతా తప్పుతుంది. ‘ఎక్కడ కట్టమంటారు?’ అని అడిగి, చెప్పిన క్లీట్‌కి ఒక చుట్టు వేసి నిలబడండి. అలా ఓపిగ్గా తాడు పట్టుకున్న మనిషిని సాయంత్రం వాళ్ళే పిలుస్తారు.

సాయంత్రం డాకు మీద అందరూ చేరే అలవాటుంది. ఎవరి గ్లాసు వాళ్ళు, తలా ఒక తినుబండారం తెచ్చుకుంటారు. మందు తాగనివాళ్ళను ఎవరూ బలవంతం చేయరు. ఫ్రిజ్ అక్కర్లేని మన వంటలు ఇక్కడ బాగా నప్పుతాయి. సకినాలు, జంతికలు, పల్లీ పట్టీలు, పూట నిలిచే పులిహోర. పడవలోకి వెళ్ళే ముందు బయటినుంచి పిలిచి, రమ్మన్నాకే అడుగు పెట్టాలి. చెప్పులు విప్పడం మనకు ఎలాగూ అలవాటే. మన ఊళ్ళో ప్రేమతోనే అడిగే ‘పడవ ఎంత పెట్టి కొన్నారు, జీతమెంత’ లాంటివి అక్కడ అడగకూడదు. పడవకు ఆ పేరు ఎందుకు పెట్టారో అడగండి. గంటసేపు మాట్లాడతారు.

పడవ పేరు, మీ పేర్లు, వాట్సాప్ నంబరు వేసిన కార్డులు హైదరాబాద్‌లోనే అచ్చు వేయించి తీసుకెళ్ళండి. అక్కడ అందరూ ఇచ్చిపుచ్చుకుంటారు. ముక్కు దగ్గర అమెరికా మ్యాపు బొమ్మ ఉన్న చిన్న జెండా కనిపిస్తే వాళ్ళు గ్రేట్ లూప్ చేస్తున్నారన్నమాట, తూర్పు అమెరికా చుట్టూ నీటి మీదే తిరిగే సుమారు 6,000 మైళ్ళ చుట్టు. తెల్లది ఉంటే ఇంకా తిరుగుతున్నారు, బంగారు రంగుదైతే పూర్తి చేశారు. ఏ మలుపు గురించైనా వాళ్ళను అడగొచ్చు.

కొన్ని ఊళ్ళు ఈ కలయికకే పేరుపడ్డాయి. నార్ఫోక్ నుంచి దిగే రెండు దారుల్లో పాతది డిస్మల్ స్వాంప్ కాలువ, 1805లో తెరిచారు. తుఫాన్ల తర్వాత మూతపడుతుంటుంది కాబట్టి ముందు కనుక్కోవాలి. దాని విజిటర్ సెంటర్ డాకు పొట్టిది. అందువల్ల ఒక పడవకు ఇంకో పడవ కట్టుకుంటారు. పక్కవాళ్ళ పడవ మీదుగా నడిచి ఒడ్డుకెళ్ళాలి, పలకరించకుండా ఎలా? ఆ దారి చివర ఎలిజబెత్ సిటీలో 1983లో జో క్రేమర్, ఫ్రెడ్ ఫియరింగ్ అనే ఇద్దరు పెద్దమనుషులు రేవుకొచ్చిన పడవలవాళ్ళకు వైన్, చీజ్‌తో విందిచ్చారు. జో తన తోటలో గులాబీలు కోసి తెచ్చి పడవల్లో వచ్చిన ఆడవాళ్ళకు ఇచ్చేవారు. వాళ్ళకు ‘రోజ్ బడ్డీస్’ అని పేరొచ్చింది. ఊరి ఉచిత రేవు వల్ల పడవలు అక్కడ ఇప్పటికీ ఆగుతాయి.

జార్జియాలో సెయింట్ మేరీస్ ఊరివాళ్ళు నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగకి పడవలవాళ్ళను పిలిచి భోజనం పెట్టే ఆనవాయితీ ఉంది. మాంసం ఊరివాళ్ళది, మిగతా వంటకాలు పడవలవాళ్ళవి. శాకాహారులు అక్కడికి పెద్ద గిన్నెతో వెళ్ళాలి, తమకూ ఇతరులకూ సరిపడా. ఫ్లోరిడాలో వీరో బీచ్‌లో ఒక బోయకు (పడవలు కట్టడానికి నీళ్ళలో తేలే బుంగకు) రెండు మూడు పడవలు కలిపి కడతారు. వచ్చినవాళ్ళు అతుక్కుపోతారని దాన్ని ‘వెల్క్రో బీచ్’ అంటారు. ఇంకా కిందకి, కీ వెస్ట్ దారిలో, మారథాన్ అనే ఊళ్ళోని బూట్ కీ హార్బర్‌లో ఉదయం తొమ్మిదికి 68వ ఛానెల్ మీద పడవలన్నీ రేడియోలోనే సమావేశమవుతాయి. కొత్తవాళ్ళను పేరు చెప్పమంటారు, సాయం కావాలంటే అడగమంటారు.

9. తెలిసింది అందించడం

ఎదురొచ్చే పడవలు మీరు వచ్చిన దారి గురించే అడుగుతాయి. చెప్పేటప్పుడు లోతు ఒక్కటే చెబితే వాళ్ళకు ఉపయోగం లేదు. ఏ గుర్తు దగ్గర, ఏ పక్కన, ఏ టైములో, పోటు ఎంతవరకు పెరిగి ఉండగా అంత లోతు చూశారో నోటు పుస్తకంలో అప్పటికప్పుడే రాసుకోండి. నడిపేవాళ్ళు కాదు, పక్కనున్నవాళ్ళు రాయాలి. సాయంత్రం ఆ పేజీ ఫోటో తీసి, కార్డులిచ్చినవాళ్ళకు పంపండి. వాళ్ళూ తమవి పంపుతారు.

హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా ఇది ఆగనక్కర్లేదు. వసంతంలో వాళ్ళు ఉత్తరానికి బయలుదేరినప్పుడు మీ నోట్సు మళ్ళీ అడుగుతారు. వాళ్ళు ఉదయం ఏడింటికి లంగరు ఎత్తితే మనకు సాయంత్రం నాలుగున్నర, నవంబర్‌లో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఐదున్నర. దాని కంటే ఓ గంట ముందే మెసేజ్ పెడితే టీ తాగుతూ చూసుకుంటారు.